చదును డాబాకు చిల్లులే అసలు చిక్కు: సరిహద్దు పట్టణాల వాణిజ్య భవనాల పైకప్పు తనిఖీ

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి దక్షిణ ఒడిశా పట్టణాల్లో తెలుగువారు నడిపే వస్త్ర దుకాణాలు, లాడ్జీలు, కల్యాణ మండపాలు, నర్సింగ్ హోములు చాలావరకు రెండు మూడంతస్తుల కాంక్రీటు డాబాల్లోనే ఉన్నాయి. ఒకప్పుడు ఈ డాబాల మీద నీళ్ల ట్యాంకు, టీవీ యాంటెన్నా తప్ప మరేమీ ఉండేవి కావు. ఇప్పుడు అవే డాబాలు ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు, జనరేటర్ పొగగొట్టాలు, వంటగది ఎగ్జాస్ట్ డక్టులు, సోలార్ ప్యానెళ్లు, సెల్‌టవర్ కాళ్లు, సీసీ కెమెరా కేబుళ్లు, హోర్డింగ్ ఫ్రేములు అన్నీ మోస్తున్నాయి. పైకప్పు పని మారింది గాని, దాన్ని చూసుకునే పద్ధతి మారలేదు. వానాకాలంలో నీరు కారుతుంది, వేసవిలో డాబా అంతటికీ తెల్లటి పైపూత వేయిస్తారు, మళ్లీ వానలు పడగానే అదే మూల కారుతుంది. ఖర్చు పెట్టినా ఫలితం ఎందుకు రావడం లేదన్నది యజమానులకూ అద్దెదారులకూ అంతుపట్టని ప్రశ్నగా మిగులుతోంది.

క్లుప్తంగా

చదును పైకప్పు విశాలమైన మధ్యభాగంలో కంటే, దాన్ని తొలిచి ఏదైనా దింపిన చోట, దాని మీద ఏదైనా బిగించిన చోట ఎక్కువగా విఫలమవుతుంది. గొట్టానికీ కాంక్రీటుకూ వ్యాకోచంలో ఉన్న తేడా, యంత్రాల అదురు, పూడిన తూములు, తుపాను గాలి ఇందుకు ప్రధాన కారణాలు. అందువల్ల తనిఖీ అనేది ప్రతి చిల్లునూ, యంత్రాల స్టాండ్ల ప్రతి కాలునూ విడివిడిగా లెక్కలోకి తీసుకుని, అది ఎవరిదో రాసిపెట్టుకునే పనిగా ఉండాలి. వానలకు ముందొకసారి, అక్టోబరు తుపాన్లకు ముందొకసారి, పెద్ద గాలివాన తరవాత తప్పనిసరిగా మరొకసారి ఈ పని జరగాలి.

మరక ఒకచోట, దారి మరొకచోట

ఈ ప్రాంతపు డాబాల్లో శ్లాబు మీద ఇటుక ముక్కల కోబా పరిచి, దానికి సుమారు 100కు 1 చొప్పున వాలు ఇచ్చి, పైన సిమెంటు నున్నగా మెత్తడమే పాత పద్ధతి. గోడా డాబా కలిసే చోట గుండ్రంగా తీర్చే గోలా, నీరు గొట్టంలోకి దిగే చోట పల్లంగా చేసే ఖుర్రా ఇందులో భాగాలే. పైపొరలో ఒక చిల్లు పడితే అందులోకి దిగిన నీరు నేరుగా కిందికి రాదు. కోబాలోని ఇటుక ముక్కలు దాన్ని పీల్చుకుంటాయి, ఆ తరవాత నీరు శ్లాబు పైతలం మీద వాలును బట్టి పక్కకు పాకుతుంది, ఎక్కడ సన్నని పగులో, శ్లాబులో పూడ్చిన కరెంటు పైపో దొరికితే అక్కడ దిగుతుంది. ఫ్యాను కొక్కెం దగ్గరో, లైటు బిగించిన పెట్టె చుట్టూనో మరకలు తరచుగా కనిపించడానికి కారణం ఇదే. ఆ మరకకు సరిగ్గా పైన డాబా మీద ఏ లోపమూ ఉండకపోవచ్చు.

వాణిజ్య భవనాల్లో దీనికి ఫాల్స్ సీలింగ్ తోడవుతుంది. శ్లాబు నుంచి రాలిన చుక్క జిప్సం పలక మీద మరికొంత దూరం జారి, పలకల అతుకు దగ్గర బయటపడుతుంది. పైగా నెలల తరబడి లోపల తడి ఉన్నా కింద కూర్చున్నవారికి తెలియదు. ఆ వ్యవధిలో శ్లాబులోని ఇనుప చువ్వలు తుప్పుపడతాయి. తుప్పు అసలు ఇనుము కంటే కనీసం రెట్టింపు చోటు ఆక్రమిస్తుంది కనుక కింది కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. మరకను చూసి నేరుగా దాని పైభాగాన్ని మాత్రమే బాగుచేయించే అలవాటు ఇందువల్లనే పదేపదే భంగపడుతోంది.

గొట్టం దిగే చోటు ఎందుకు విడిపోతుంది

చిల్లు చుట్టూ సిమెంటు కూరితే సరిపోతుందన్న నమ్మకం మేస్త్రీల్లోనూ యజమానుల్లోనూ బలంగా ఉంది. ఇది నిలవకపోవడానికి వస్తువుల స్వభావమే కారణం. పీవీసీ గొట్టం వేడికి కాంక్రీటు కంటే ఐదారు రెట్లు ఎక్కువగా సాగుతుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో డాబా ఉపరితలం 60 డిగ్రీలు దాటుతుంది, ఒక్క గాలివాన పడితే నిమిషాల్లో 30 డిగ్రీల చుట్టుపక్కలకు పడిపోతుంది. ఆ తేడాకు 3 మీటర్ల పీవీసీ గొట్టం సుమారు 5 మి.మీ. కుదించుకుంటే, అంతే పొడవున్న కాంక్రీటు 1 మి.మీ. లోపే కుదించుకుంటుంది. గొట్టం నునుపుగా ఉండడం వల్ల సిమెంటు దానికి గట్టిగా పట్టదు. కాబట్టి మొదటి వేసవి గడిచేసరికి గొట్టం చుట్టూ వెంట్రుక మందాన ఉంగరంలా సందు ఏర్పడుతుంది. కంటికి అది పగులులా కనిపించదు, నీటికి మాత్రం అది చాలు.

చాలామంది ఆ సందు మీద సిలికాన్ పూస్తారు. అది మొదట బాగానే పనిచేస్తుంది. కాని దుమ్ము తుడవకుండా పూస్తే అంటదు, అన్ని రకాల సీలెంట్లూ ఎండను ఒకేలా తట్టుకోవు, మందం చాలకపోతే సాగినప్పుడు చిరుగుతుంది. నిలిచే పద్ధతి వేరే ఉంది: శ్లాబు గుండా ముందు స్లీవ్ అనే తొడుగు గొట్టం దింపి, దాని చుట్టూ డాబా మట్టానికి సుమారు 150 మి.మీ. ఎత్తున కాంక్రీటు దిమ్మ కట్టి, వాటర్‌ప్రూఫింగ్ పొరను ఆ దిమ్మ మీదికి ఎక్కించి, అసలు గొట్టాన్ని స్లీవ్ లోపల కదలనిచ్చి, పైన గొడుగులాంటి రేకు కాలరు బిగించాలి. ఏసీ రాగి గొట్టాలు, కేబుళ్లు దిగే చోట పైకొనను కిందికి వంచిన గొట్టం వాడాలి. కేబులు లోపలికి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరగాలి. లేకపోతే వాన నీరు కేబులు వెంటే లోపలికి నడుస్తుంది.

కొత్తగా కట్టేటప్పుడు ఇదంతా తేలిక. కట్టి వాటర్‌ప్రూఫింగ్ పూర్తయ్యాక ఏసీ మెకానిక్కో, కేబులు బిగించేవాడో డ్రిల్లుతో పొడిచిన రంధ్రాలతోనే అసలు గొడవ. తన పని అయిపోగానే అతను వెళ్లిపోతాడు. అతని బిల్లులో చిల్లు మూసే పని ఉండదు.

యంత్రాల కాళ్లు

ఇనుప స్టాండు కాళ్లను యాంకర్ బోల్టులతో డాబాకు బిగించినప్పుడు ప్రతి బోల్టూ వాటర్‌ప్రూఫింగ్ పొరను చీల్చుకుని దిగుతుంది. ఒక యూనిట్‌కు నాలుగు బోల్టులు అనుకుంటే, పది యూనిట్లున్న లాడ్జి డాబా మీద ఏసీల వల్లనే నలభై రంధ్రాలు ఉంటాయి. కంప్రెసర్ అదురు ఆ బోల్టులను ఏళ్ల తరబడి కదుపుతూ ఉంటుంది. స్టాండు కింద రబ్బరు దిండ్లు లేనప్పుడు ఈ అదురు నేరుగా శ్లాబులోకి పోతుంది. కాళ్లను డాబా మీద ఆనించే బదులు, శ్లాబుతో కలిపి పోసిన కాంక్రీటు దిమ్మల మీద నిలిపి, దిమ్మ చుట్టూ పొరను పైకెక్కిస్తే బోల్టు నీటి మట్టానికి పైన ఉంటుంది. దిమ్మ ఎత్తుగా ఉంటే యంత్రం కిందికి చెయ్యి దూరుతుంది, ఊడ్చడానికీ, మళ్లీ పూత వేయడానికీ వీలవుతుంది. యంత్రం కింద పూత వేయకుండా చుట్టూ మాత్రమే వేసిన డాబాలు ఈ పట్టణాల్లో కోకొల్లలు.

బరువు విషయం విడిగా చూడాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం మనుషులు ఎక్కి తిరిగే చదును పైకప్పుకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల భారాన్ని లెక్కలోకి తీసుకుంటారు. 1,000 లీటర్ల ట్యాంకు నిండితే అందులో నీరే ఒక టన్ను, అది నిలిచే చోటు దాదాపు ఒక చదరపు మీటరు. కాబట్టి ట్యాంకును శ్లాబు నడిమధ్యన కాక దూలాల మీద, స్తంభాల దగ్గర నిలపాలి. తనిఖీలో ట్యాంకు దిమ్మ కింద, అంటే లోపలి సీలింగు వైపు, పగుళ్లు ఉన్నాయేమో చూడడం ఇందుకే.

హోటళ్ల వంటగది ఎగ్జాస్ట్‌ది మరో రకం హాని. డక్టు నోటి నుంచి కారే నూనె జిడ్డు తారు ఆధారంగా చేసిన మెంబ్రేన్ షీటును, అంటే నీరు దిగకుండా డాబా మీద పరిచే పొరను, మెత్తబరుస్తుంది. ఆ చుట్టుపక్కల పొర నల్లగా జిగురుగా, పాదముద్ర పడేంత మెత్తగా ఉంటే దాన్ని మార్చక తప్పదు, పైన ఏ పూత వేసినా జిడ్డు మీద నిలవదు.

తూము పూడితే భారం

10 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవున్న డాబాను తీసుకుందాం. ఒక చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన అంటే ఒక లీటరు. గంటకు 100 మి.మీ. తీవ్రతతో కురిస్తే ఈ డాబా మీద గంటలో 20,000 లీటర్లు పడుతుంది. ఆ తీవ్రతకు 100 మి.మీ. వ్యాసం గల నిలువు గొట్టం ఒక్కొక్కటి సుమారు 40 చదరపు మీటర్ల వైశాల్యానికి సరిపోతుందని మన ప్రమాణ పట్టికలు లెక్కిస్తాయి. అంటే ఐదు గొట్టాలు కావాలి. ఆచరణలో ఈ పరిమాణపు డాబాలకు రెండు గొట్టాలతో సరిపెట్టడం మామూలే. అందులో ఒకదాని నోటికి అడ్డంగా ఏసీ స్టాండు కాలో, కేబుళ్ల కట్టో ఉండడమూ మామూలే.

తూములు పూర్తిగా పూడితే గంటలో సగటున 100 మి.మీ. నీరు నిలుస్తుంది. అది 20 టన్నుల బరువు, చదరపు మీటరుకు 100 కిలోలు. శ్లాబు దాన్ని తట్టుకోవచ్చు. కాని గొట్టాల దిమ్మలు ఎత్తు తక్కువగా ఉంటే నీరు వాటి మీదుగా లోపలికి దిగుతుంది. పిట్టగోడలో డాబా మట్టానికి కొంచెం పైన ఒక అదనపు తూము పెడితే ఈ పరిస్థితి రాదు. అందులోంచి నీరు బయటికి దూకుతుంటే కింది తూము పూడిందని వీధిలోని వారికి కూడా తెలుస్తుంది. ఇంత చవకైన ఏర్పాటు ఇన్ని భవనాల్లో లేకపోవడం ఆశ్చర్యమే.

గాలి లెక్క

2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 200 కి.మీ. స్థాయిలో ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటినప్పుడు అది సుమారు 150 కి.మీ. ఆ తుపానే గజపతి జిల్లాలో వరదలకూ కొండచరియలు విరిగిపడడానికీ కారణమైంది. గాలి ఒత్తిడి వేగానికి కాక, వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 150 కి.మీ. వేగంలో ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 105 కిలోల పాటి ఉంటే, 200 కి.మీ. వేగంలో అది 190 కిలోలకు చేరుతుంది. రెండు చదరపు మీటర్ల సోలార్ ప్యానెలు బరువు పాతిక కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని పైకి లేపే బలం ఎన్ని రెట్లు ఎక్కువో ఈ లెక్కే చెబుతుంది. కప్పు అంచుల్లో, మూలల్లో గాలి సుడి తిరగడం వల్ల ఈ లాగుడు మధ్యభాగం కంటే ఎక్కువగా ఉంటుంది. ప్యానెళ్లను పిట్టగోడ అంచు దాకా పరిచేయడం అందుకే ప్రమాదకరం.

గాలి భారాలను లెక్కించే ఐఎస్ 875 మూడో భాగాన్ని 2015లో సవరించినప్పుడు తూర్పు తీరంలో తుపాన్లకు గురయ్యే రాష్ట్రాల్లో 60 కి.మీ. వెడల్పు పట్టీకి ప్రత్యేక గుణకం చేర్చారు. బరంపురం ఈ పట్టీలోనే ఉంది. ఆసుపత్రులు, తుపాను ఆశ్రయ కేంద్రాలు, సమాచార టవర్ల వంటి వాటికి గాలి వేగాన్ని 1.30 రెట్లు, పరిశ్రమలకు 1.15 రెట్లు తీసుకోవాలి, మిగతా వాటికి అదనం లేదు. వేగంలో 1.30 రెట్లంటే ఒత్తిడిలో దాదాపు 1.7 రెట్లు. నర్సింగ్ హోము డాబా మీది యంత్రాలను పక్కనున్న బట్టల కొట్టు డాబా మీది యంత్రాలతో సమానంగా బిగిస్తే సరిపోదని దీని అర్థం.

తుపానులో యంత్రం ఎగిరిపోకపోయినా నష్టం జరిగి ఉండవచ్చు. స్టాండు ఊగి బోల్టు రంధ్రాన్ని వెడల్పు చేస్తుంది. పైకి అంతా నిలబడే కనిపిస్తుంది. మరుసటి వారం వానకు గది లోపల నీరు కారుతుంది.

తీరం, కొండ, ప్రాణహిత ఒడ్డు

గోపాలపూర్, ఛత్రపురం వైపు ఉప్పుగాలి ప్రధాన శత్రువు. ఇనుప స్టాండ్లు, బోల్టు తలలు, ఏసీ కండెన్సర్ రెక్కలు అక్కడ త్వరగా తినేసినట్టవుతాయి. జింకు పూత పూసిన లేదా స్టెయిన్‌లెస్ బోల్టులు ధర ఎక్కువైనా లాభమే. కొరాపుట్, రాయగడ కొండ ప్రాంతంలో ఉప్పు లేదు, అయితే వాన ఎక్కువ, చెట్ల ఆకులు తూముల్లో చేరడం ఎక్కువ, పిట్టలు వేసిన గింజల నుంచి పగుళ్లలో రావి మొక్కలు మొలవడం ఎక్కువ. మహారాష్ట్ర సరిహద్దులో తెలుగువారున్న ప్రాణహిత ఒడ్డు సిరొంచలోనూ, చంద్రపూర్ జిల్లా పట్టణాల్లోనూ తుపాను భయం తక్కువే గాని, 45 డిగ్రీలు దాటే వేసవి వల్ల సీలెంట్లు ఎండి పెళుసవడమే అక్కడి ప్రధాన సమస్య.

తనిఖీ ఎలా సాగాలి

తనిఖీ కింది నుంచి మొదలవ్వాలి. పై అంతస్తు సీలింగులోని ప్రతి మరకనూ గది కొలతలతో కాగితం మీద గుర్తించి, ఆ తరవాతే డాబా ఎక్కాలి. నీరు ఎప్పుడు కారుతోందన్న సమాచారం మరక కంటే విలువైనది. వాన పడిన గంటల్లోనే కారితే పైపొరలో లోపం. వాన ఆగిన రెండు రోజులకు మొదలై వారం దాకా సాగితే కోబా నీరు పట్టిందని అర్థం. ఎండాకాలంలో ఏసీ నడిచినప్పుడే కారితే అది వాన నీరు కాదు, ఏసీ డ్రెయిన్ గొట్టం నుంచి వచ్చేది. రాత్రీ పగలూ, వానా ఎండా అన్న తేడా లేకుండా కారితే ట్యాంకు గొట్టాన్ని అనుమానించాలి. సాయంత్రం ట్యాంకు వాల్వులన్నీ మూసి మట్టం గుర్తు పెట్టి ఉదయం చూస్తే చాలావరకు తేలిపోతుంది. ఈదురుగాలితో కూడిన వానకు మాత్రమే కారితే పిట్టగోడను, దానికి బిగించిన హోర్డింగ్ ఫ్రేమును చూడాలి. ఈ తేడాలు అడగకుండానే పైపూతకు అంచనా వేసి ఇచ్చే వ్యాపారి మాట మీద ఆధారపడడం డబ్బు వృథా.

డాబా మీద ప్రతి గొట్టానికీ, ప్రతి స్టాండు కాలికీ, ప్రతి కేబులు రంధ్రానికీ పెయింటుతో అంకె వేసి, డాబా పటం మీద అదే అంకె రాసి, ఫోటో తీసి పెట్టాలి. పక్కన ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఇప్పుడు వాడుకలో ఉందా అన్న మూడు విషయాలు రాయాలి. వాడుకలో లేని రంధ్రాలు, తీసేసిన యాంటెన్నా కాళ్ల ఆనవాళ్లు, కోసి వదిలేసిన బోల్టులు చాలా డాబాల్లో బయటపడతాయి. యంత్రాల దగ్గరికి వెళ్లే ముందు విద్యుత్ సరఫరా ఆపించడం, సోలార్ ప్యానెళ్ల విషయంలో మెయిన్ ఆపినా పగలు వాటి తీగల్లో కరెంటు ఉంటుందని గుర్తుంచుకోవడం అవసరం.

కంటితో చూశాక సుత్తితో తట్టి చూడాలి. బోలు శబ్దం వచ్చిన చోట పొర శ్లాబును వదిలేసిందని తెలుస్తుంది. వాన వెలిసి రెండు రోజులైనా నీరు నిలిచి ఉన్న గుంటల అంచును సుద్దతో గీసి ఉంచాలి. ఆ తరవాత గొట్టంతో నీరు పట్టి పరీక్షించేటప్పుడు పల్లం వైపు నుంచి మొదలుపెట్టి, ఒక్కో చిల్లు దగ్గర పావుగంట నుంచి అరగంట ఆగి, పైకి జరగాలి. పై నుంచి మొదలుపెడితే నీరు కింది చిల్లులన్నిటి మీదుగా పారి, ఏది దోషో తేలదు. తూములు మూసి 25 నుంచి 50 మి.మీ. నీరు కట్టి 24 గంటలు చూసే పరీక్ష మరింత నమ్మదగినదే గాని, చువ్వలు తుప్పుపట్టి పెచ్చులూడిన పాత శ్లాబు మీద డాబా మొత్తానికి ఒకేసారి నీరు కట్టకూడదు, చిన్న చిన్న కట్టలు వేసి భాగాలుగా చేయాలి. ఉష్ణ చిత్రాల కెమెరా ఉంటే సూర్యాస్తమయం తరవాత వాడాలి. తడి పట్టిన కోబా పొడి భాగం కంటే నెమ్మదిగా చల్లబడుతుంది కనుక తేడా కనిపిస్తుంది. అయితే ఆ తేడా అనుమానాన్ని మాత్రమే చూపుతుంది, నిర్ధారణకు ఒకచోట కోబా తవ్వి చూడక తప్పదు.

సమయం విషయంలో ఈ ప్రాంతానికి ఒక విశేషం ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు సాగే నైరుతి వానల్లో తూములు ఆకులతో, మట్టితో నిండుతాయి, ఆ వెంటనే అక్టోబరులో తుపాన్ల కాలం మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో చేయించిన తనిఖీ అప్పటికి పాతబడుతుంది. సెప్టెంబరు చివరి వారంలో తూములు, బోల్టులు, ప్యానెళ్ల క్లాంపులు మాత్రమే చూసే చిన్న తనిఖీ చాలు, కాని అది మానకూడదు.

చిల్లు ఎవరిది

కింది అంతస్తులో బ్యాంకు, మధ్యలో కోచింగ్ సెంటర్, పైన లాడ్జి ఉన్న భవనంలో డాబా అందరిదీ, ఎవరిదీ కాదు. ఒప్పందంలో వేరుగా రాసుకోనప్పుడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ వర్తిస్తుంది. సహజమైన అరుగుదలను మినహాయించి, తనకు అప్పగించిన స్థితిలోనే ఆస్తిని తిరిగి ఇవ్వడం అద్దెదారు బాధ్యత. యజమాని అనుమతి లేకుండా శాశ్వత కట్టడం వేయకూడదు. మరోవైపు యజమాని చేయించాల్సిన మరమ్మతును నోటీసు ఇచ్చినా సకాలంలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. ఏసీ బోల్టు రంధ్రం శాశ్వత కట్టడం కిందికి వస్తుందా, అరుగుదల కిందికి వస్తుందా అన్న వాదన మొదలయ్యేలోపు నీరు కారుతూనే ఉంటుంది. అంకెలు వేసిన డాబా పటాన్ని అద్దె ఒప్పందానికి జతచేసి, కొత్త చిల్లుకు యజమాని రాతపూర్వక అనుమతి, దిమ్మ, స్లీవ్ తప్పనిసరి అని రాసుకుంటే ఆ వాదనకు అవకాశం తగ్గుతుంది. వాటర్‌ప్రూఫింగ్ గుత్తేదారులు ఇచ్చే హామీ పత్రాల్లో చాలావాటిలో, తమకు చెప్పకుండా పొరను తొలిస్తే హామీ చెల్లదనే షరతు ఉంటుంది కనుక వారికి కూడా ముందుగా తెలియజేయాలి.

అద్దెదారు ఖాళీ చేసేటప్పుడు యంత్రంతో పాటు స్టాండును కూడా తీసి, బోల్టులను డాబా మట్టానికి లోపలికి కోసి, రంధ్రాన్ని ఎండినా కుదించుకోని సిమెంటు మిశ్రమంతో (గ్రౌటు) నింపి, దాని మీద మెంబ్రేన్ అతుకును అన్ని వైపులా కనీసం 100 మి.మీ. పరచాలి. ఆ భాగంలో కట్ట వేసి 24 గంటలు నీరు నిలిపి, కింది సీలింగు పొడిగా ఉందని ఇద్దరూ చూసిన తరవాత అడ్వాన్సు లెక్క తేల్చుకుంటే, తరవాత వచ్చే అద్దెదారుతో పాత చిల్లు గురించి కొత్త తగాదా రాదు.